మిషనుకు నోరు లేదు, చిట్టా ఉంది

"గల్లాపెట్టె" శీర్షిక: పాఠకుల ప్రశ్నలు, ఒక మాజీ బ్యాంకు ఉద్యోగి జవాబులు

పోయిన నెల లాకరు తాళాల గురించి రాస్తూ, చివర్లో "ఏటీఎం సంగతులేమైనా ఉంటే రాయండి" అని ఒక ముక్క తగిలించాను. ఆ ముక్క ఖరీదు ఇప్పుడు తెలుస్తోంది. పత్రిక వాళ్లు నల్లగొండలో మా ఇంటికి పంపిన కవరు విప్పితే మంచం సగం ఉత్తరాలతో నిండింది. కోదాడ నుంచి మక్తల్ దాకా, హాలియా నుంచి అచ్చంపేట దాకా ఎవరి గోడు వారిది.

ముప్పై నాలుగేళ్లు బ్యాంకులో పనిచేశాను. చివరి పదకొండేళ్లు బ్రాంచి ఏటీఎం తెరిచే రెండు తాళాల్లో ఒకటి నా జేబులో ఉండేది. రెండోది క్యాషియరు దగ్గర. రెండూ ఒక్కరి చేతిలో ఉండకూడదు. అందుకని ఆ పెట్టెను ముందు నుంచి చూసిన దానికంటే వెనక నుంచి చూసిందే ఎక్కువ.

ఉత్తరాలన్నీ చదివాక ఒకటి గమనించాను. అందరూ దాన్ని మనిషిలా చూస్తున్నారు. మింగిందంటారు, ఇవ్వనందంటారు, సతాయించిందంటారు. కోదాడ నుంచి ఒకాయనైతే "నా వెనక నిలబడ్డ వాడికి ఇచ్చింది, నాకు ఇవ్వలేదు, నా మొహం నచ్చలేదేమో" అని రాశారు. అయ్యా, దానికి మొహాలు తెలియవు. ఏ నిమిషానికి ఏ కార్డు వచ్చింది, ఏ అరలోంచి ఎన్ని నోట్లు లాగింది, మూత తెరిచిందా లేదా, ఇవన్నీ మాత్రం వరసగా రాసి పెట్టుకుంటుంది. అడిగితే తప్ప చెప్పదు. ఎలా అడగాలో తెలియకనే సగం ఉత్తరాలు వచ్చాయి.

ప్రశ్న: గత నెల 6వ తేదీన దేవరకొండ బస్టాండు దగ్గర వేరే బ్యాంకు ఏటీఎంలో పత్తి ఏరిన కూలీలకు ఇవ్వడానికి 10,000 రూపాయలు కొట్టాను. లోపల నోట్లు లెక్కపెట్టిన చప్పుడు వినిపించింది. మూత తెరుచుకోలేదు. ఖాతాలో పైసలు మాత్రం పోయాయి. ఆ బ్యాంకుకు వెళితే "మీ బ్యాంకులో అడగండి" అన్నారు. మా బ్యాంకులో "వారం ఆగండి" అన్నారు. 18వ తేదీన పడ్డాయి. ఈలోపు కూలీలకు వడ్డీకి తెచ్చి ఇచ్చాను. నా పైసలు నాకు రావడానికి నేనే వడ్డీ కట్టుకోవాలా?
— ఒక రైతు, దేవరకొండ మండలం

జవాబు: ముందు మీకు రావలసిన బాకీ లెక్క చెబుతాను. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో ఒక ఉత్తర్వు ఇచ్చింది. ఏటీఎంలో నగదు రాకుండా ఖాతాలో కోత పడితే, ఆ రోజు కాక ఇంకో ఐదు రోజుల్లోగా బ్యాంకు తనంతట తానే తిరిగి జమ చేయాలి. దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. మీది 6వ తేదీ. గడువు 11తో అయిపోయింది. 18న పడ్డాయి కాబట్టి ఏడు రోజులు ఆలస్యం, అంటే 700 రూపాయలు. మీరు అడిగినా అడగకపోయినా ఇవి మీ ఖాతాలో పడాలి. పాసుబుక్కులో లెక్క అచ్చు వేయించి చూడండి. పడకపోతే ఒక తెల్లకాగితం మీద తేదీ, సమయం, మొత్తం, మిషను ఉన్న చోటు రాసి మీ బ్రాంచిలో ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర, సంతకం వేయించుకోండి. నోటి మాటగా అడిగితే నోటి మాటే జవాబుగా వస్తుంది. ఇన్నేళ్లు కౌంటరు లోపలి వైపు కూర్చున్న వాణ్ని, నాకు తెలుసు.

మీరు ఆ బ్యాంకుకు వెళ్లడం వృథా ప్రయాస. మిషను ఎవరిదైనా, కార్డు ఇచ్చిన బ్యాంకే మీకు జవాబుదారీ. ఒక బ్యాంకు కార్డు ఇంకో బ్యాంకు మిషనులో పెడితే ఆ కబురు మధ్యలో ఒక కూడలి గుండా పోతుంది. ఈ కూడలిని 2004లో మొదలుపెట్టింది హైదరాబాదు మాసబ్ ట్యాంకులోని ఐడీఆర్‌బీటీ అనే బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధన సంస్థ. 2009లో అది దేశంలో చెల్లింపుల వ్యవస్థలు నడిపే ఎన్‌పీసీఐ అనే సంస్థ చేతికి పోయింది. దేవరకొండ మిషను అడిగిన మాట ఈ కూడలి దాటి మీ బ్యాంకుకు చేరి, అక్కడ ఖాతాలో కోత పడి, "సరే, ఇవ్వు" అన్న మాట వెనక్కి రావాలి. ఆ తరువాత నోట్లు బయటికి రావాలి. అటూ ఇటూ పోయే ఆ కొద్ది క్షణాల్లో ఎక్కడ తీగ తెగినా మీకు జరిగిందే జరుగుతుంది.

మరి ఆ చప్పుడు ఏమిటంటారా? లోపల మామూలుగా నాలుగు అరలు ఉంటాయి, వాటిని క్యాసెట్లు అంటాం. నోట్లను ఒక్కొక్కటిగా లాగి, ఒకదానికొకటి అంటుకుని వచ్చాయేమోనని మందం చూస్తుంది. అనుమానం వస్తే ఆ నోటును పక్కనున్న రిజెక్ట్ డబ్బాలో పడేసి ఇంకోటి లాగుతుంది. కల్వకుర్తిలో పనిచేసేటప్పుడు ఒక సాయంత్రం నేనూ క్యాషియరూ ఆ డబ్బా తెరిచాం. పద్దెనిమిది ఐదు వందల నోట్లు ఒక్క కట్టలా ఒరిగి ఉన్నాయి. పైనున్న దానికి మధ్యలో సెల్లో టేపు. ఆ టేపు పక్క నోటును పట్టుకుంది. ఆ జంటను చూసి మిషను బెదిరి, తీసిందంతా డబ్బాలో పారేసింది. ఎవరో 9,000 అడిగి ఖాళీ చేతులతో వెళ్లారన్నమాట. రోజు చివర నోట్లు లెక్కపెడితే మిషను లెక్క కంటే సరిగ్గా 9,000 ఎక్కువ తేలాయి. చిట్టా తిరగేస్తే కార్డు నంబరూ దొరికింది, నిమిషమూ దొరికింది. ఆ మనిషి ఫిర్యాదు చేయడానికి వచ్చేసరికే డబ్బు ఆయన ఖాతాకు వెళ్లిపోయింది. ఎక్కువ తేలిన డబ్బు ఎవరిదో తేల్చడం పెద్ద కష్టం కాదు. ఆ లెక్క చూసే ఓపిక ఎవరికి ఉందన్నదే ప్రశ్న.

ఒకవేళ మీ బ్యాంకు "లావాదేవీ విజయవంతం, మీకు నగదు అందింది" అని రాసిస్తే అంతటితో ఆగకండి. మిషను చిట్టా నకలు, ఆ సమయపు కెమెరా దృశ్యం చూపించమని రాతపూర్వకంగా అడగండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. పైసా ఖర్చు లేదు. వివరాలకు 14448 నంబరుకు ఫోను చేయండి. వడ్డీకి తెచ్చుకున్న సంగతి కూడా అందులో రాయండి. ఇస్తారని హామీ ఇవ్వలేను గానీ, రాయకపోతే ఇచ్చే మాటే ఉండదు.

ప్రశ్న: మాది నారాయణపేట దగ్గర ఊరు. మా ఆయన ముంబైలో బిల్డింగు పనిలో ఉన్నాడు. నా ఖాతాలో పైసలు వేస్తాడు. నాకు చదువు రాదు. ఏటీఎం దగ్గర ఒక పిల్లవాడు తీసి ఇస్తాడు, యాభై తీసుకుంటాడు. పిన్ను కార్డు కవరు మీద రాసి ఉంది. మెసేజి మా ఆయన ఫోనుకు పోతుంది. పోయిన నెల మూడు వేలు తీశావని ఆయన, నాకు ఇరవై ఐదు వందలే వచ్చాయని నేను. ఐదు వందలు ఏం చేశావని రోజూ ఫోనులో అడుగుతున్నాడు. ఈ ఉత్తరం మా అమ్మాయితో రాయిస్తున్నాను, ఏడో తరగతి.
— ఒక అక్క, నారాయణపేట జిల్లా

జవాబు: అమ్మా, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నన్ను నిద్రపోనివ్వనిది మీదే. ఐదు వందల కోసం కాదు. ఎక్కడో ముంబైలో పరంజా మీద నిలబడి మెసేజి చూసుకున్న మనిషికి, ఇక్కడ మీరు చెప్పే మాటకు మధ్య ఆ పిల్లవాడు కూర్చున్నాడు. మిషను మూడు వేలే ఇచ్చింది, మెసేజి అబద్ధం కాదు. మీరు చెప్పిందీ అబద్ధం కాదు. ఈ జవాబును అమ్మాయితో ఫోనులో మీ ఆయనకు చదివించండి.

ఇక పని. మీరూ అమ్మాయీ కలిసి మీ బ్యాంకు ఏటీఎంకే వెళ్లండి, బ్రాంచి తెరిచి ఉన్న వేళ. కార్డు పెట్టగానే భాష అడుగుతుంది, తెలుగు నొక్కండి. ముందు పిన్ను మార్చండి. ఇంత చక్కగా ఉత్తరం రాసిన పిల్ల ఆ తెర మీది నాలుగు ముక్కలు చదవలేదా? పిన్ను మాత్రం అమ్మాయి కూడా కాదు, మీరే నొక్కండి. తరువాత లోపలికి వెళ్లి, ఖాతాకు మీ ఫోను నంబరు ఇవ్వాలని ఫారం అడగండి. మెసేజి మీకే వస్తే మీ ఆయనకు మీరే చెబుతారు. కవరు మీది రాత వెంటనే చింపేయండి.

అంకెలు రావు, పిన్ను ఎలా గుర్తుంటుందంటారేమో. మక్తల్‌లో నేనున్నప్పుడు ఒక పెద్దమ్మ వచ్చేది. కొడుకులిద్దరూ పుణెలో. ఏటీఎం ముందు కాసేపు కళ్లు మూసుకునేది, ఎడమ అరచేతిని గొడుగులా పట్టి కుడి చూపుడు వేలితో టక టకా నాలుగు నొక్కేది. ఎప్పుడూ తప్పలేదు. ఒకసారి అడిగాను, అంకెలు ఎప్పుడు నేర్చుకున్నావని. "అంకెలు రావు సారూ, దారి వచ్చు" అంది. నడిమి మీట మీద చిన్న బొడిపె ఉంటుంది, అది 5. దాని నుంచి పైకి, ఎడమకు, కిందికి... ఆమెకది పొలం గట్ల దారిలాంటిది. మీరూ అమ్మాయితో ఇంట్లో కాగితం మీద తొమ్మిది గళ్లు గీసి, కింద సున్నాకు ఒకటి పెట్టి, వారం రోజులు వేలు తిప్పి చూడండి. ఆ కాగితం మీద అంకెలు రాయకండి, గళ్లు చాలు.

(పిన్నుకు నాలుగే అంకెలు ఎందుకని చాలామంది అడుగుతారు. 1967 జూన్ 27న లండన్ దగ్గర ఎన్‌ఫీల్డ్‌లో మొదటి నగదు మిషను పెట్టించిన షెపర్డ్ బారన్ ఆరు అంకెలు పెడదామనుకున్నాడట. వాళ్లావిడ నాలుగైతేనే గుర్తుంటాయందట. ఆయన పుట్టింది మన షిల్లాంగులోనే. ఇంటావిడ మాట విన్నందుకు లోకమంతా బాగుపడింది.)

ఆ పిల్లవాడి మీద కేసు పెట్టాలా అని మీరు అడగలేదు, నేనూ చెప్పను. కానీ ఒక మాట దాచకూడదు. పిన్ను మనమే ఇంకొకరికి ఇచ్చినప్పుడు పోయిన డబ్బు, బ్యాంకుకు చెప్పేదాకా, మన నష్టంగానే లెక్క. చెప్పిన తరువాత పోతే అది బ్యాంకు భారం. మన తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా మూడోవాడు చేసిన మోసమైతే మూడు పనిదినాల్లో చెబితే మన మీద ఏ భారమూ పడదు. ఇది 2017 జూలైలో వచ్చిన రిజర్వు బ్యాంకు నిబంధన. ఇంకో రకం మోసం కూడా ఉంది: సాయం చేస్తానని కార్డు తీసుకుని, తిరిగి ఇచ్చేటప్పుడు అదే రంగు కార్డు ఇంకోటి చేతిలో పెడతారు. కార్డు మీద పేరు చదవడం రాకపోతే, వెనక గోరింటాకు చుక్కో మరేదో గుర్తు పెట్టుకోండి. అలాంటిదేమైనా జరిగితే వెంటనే బ్యాంకుకు చెప్పి, సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి కూడా ఫోను చేయాలి.

ప్రశ్న: ఏటీఎంలో దొంగలు బెదిరిస్తే పిన్ను తలకిందులుగా కొడితే పోలీసులకు కబురు పోతుందని మా రిటైర్డ్ ఉద్యోగుల వాట్సాప్ గ్రూపులో వచ్చింది. కార్డు పెట్టే ముందు క్యాన్సిల్ రెండుసార్లు నొక్కితే పిన్ను దొంగలు కాజేయలేరని ఇంకోటి. నిజమేనా?
— ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, సూర్యాపేట

జవాబు: రెండూ అబద్ధమే మాస్టారూ. మీరే ఆలోచించండి, 1221 పిన్ను పెట్టుకున్నవాడు పాలప్యాకెట్టు కోసం వంద తీసినా పోలీసు జీపు రావాలి. తలకిందుల పిన్ను కొడితే మిషను తప్పు పిన్ను అంటుంది, అంతే. బెదిరిస్తే డబ్బు ఇచ్చేయండి, ప్రాణం దక్కించుకోండి, బయటికి రాగానే 100కో 112కో ఫోను చేయండి. క్యాన్సిల్ రెండుసార్లు నొక్కితే నష్టం లేదు, లాభమూ లేదు. చెయ్యి అడ్డం పెట్టుకోవడమే అసలు మందు.

ప్రశ్న: నాది వనపర్తి, హైదరాబాదులో డిగ్రీ చదువుతున్నాను. ఖాతాలో ఎంతుందో చూసుకున్నందుకు కూడా కోత పడింది. ఒకసారి "నగదు లేదు" అన్న మిషను దగ్గర కూడా లెక్క పడిందని అనుమానం. ఎన్నిసార్లు ఉచితం?
— ఒక విద్యార్థి

జవాబు: బాబూ, మీ బ్యాంకు మిషనులో నెలకు ఐదు లావాదేవీలు ఉచితం. అక్కడ నిల్వ చూసుకోవడం ఈ లెక్కలోకి రాదు. వేరే బ్యాంకు మిషనులో అయితే హైదరాబాదులో మూడు, వనపర్తిలో ఐదు. మహానగరాలకు ఒక లెక్క, మిగతా ఊళ్లకు ఒక లెక్క. నీ ఖాతా ఎక్కడుందని కాదు, మిషను ఎక్కడుందని చూస్తారు. వేరే బ్యాంకు మిషనులో నిల్వ చూసుకున్నా ఒకటి అయిపోయినట్టే, అక్కడే నీకు దెబ్బ పడింది. ఉచితం దాటి నగదు తీస్తే 2025 మే 1 నుంచి ఒక్కోసారికి 23 రూపాయల దాకా, పన్ను అదనం. మిషనులో నగదు లేకనో, సాంకేతిక లోపం వల్లనో ఆగిపోయిన ప్రయత్నాన్ని లెక్కలో వేయకూడదని 2019 ఆగస్టులోనే చెప్పారు. వేశారనిపిస్తే స్టేట్‌మెంటు తీసి నిలదీయి. నిల్వ చూసుకోవడానికి ఫోను ఉంది కదా, దానికోసం ఏటీఎం మెట్లు ఎక్కడం ఎందుకు?

ప్రశ్న: సద్దుల బతుకమ్మకు రెండు రోజుల ముందు నుంచి అచ్చంపేటలో ఏ ఏటీఎం చూసినా ఖాళీ. పూలు కొనాలన్నా చేతిలో చిల్లర లేదు. ఉన్న ఒక్క మిషనూ ఐదు వందలే ఇస్తుంది. పండగ ఎప్పుడొస్తుందో బ్యాంకులకు తెలియదా?
— ఒక పాఠకురాలు, అచ్చంపేట

జవాబు: తెలుసమ్మా. క్యాలెండరు మేమే పంచిపెడతాం కదా. కానీ చాలా చోట్ల మిషను నింపేది బ్రాంచి వాళ్లు కాదు, కాంట్రాక్టు సంస్థల వ్యాన్లు. ఒక వ్యాను ఒక దారిలో పది పదిహేను మిషన్లు చూసుకోవాలి. పల్లె ప్రాంతాల్లో సాయంత్రం ఆరు దాటితే నింపకూడదని నియమం. నల్లమల అంచున ఉన్న మీ ఊరికి వ్యాను వచ్చేసరికి పొద్దు వాలుతుంది, ఆ రోజు వంతు తప్పితే మరుసటి రోజు సెలవు. ఇవి కారణాలే, సాకులుగా ఒప్పుకోనక్కర్లేదు. నెలలో పది గంటలకు మించి ఏటీఎం ఖాళీగా ఉంటే మిషనుకు 10,000 రూపాయల జరిమానా అని 2021 అక్టోబరు నుంచి నిబంధన ఉంది. ఖాళీ మిషను తెరను తేదీ, సమయం కనిపించేలా ఫోటో తీసి ఫిర్యాదుకు జతచేస్తే ఎవరైనా లేచి కూర్చుంటారు.

చిల్లర సంగతి. వంద లేదా రెండు వందల నోట్లు కనీసం ఒక అరలోనైనా పెట్టాలని, 2026 మార్చి 31 నాటికి నూటికి తొంభై ఏటీఎంలు అలా ఉండాలని రిజర్వు బ్యాంకు గడువు పెట్టింది. అరలో వందలున్నా, మీరు 2,000 అడిగితే అది నాలుగు ఐదు వందలు ఇచ్చి చేతులు దులుపుకుంటుంది. 1,900 అడగండి. నాలుగు వందల మొత్తం తప్పనిసరిగా చిన్న నోట్లలో వస్తుంది. మా ఆవిడ ఎప్పుడూ ఐదు వందలతో తెగని లెక్కే కొడుతుంది.

ఖాళీ మిషను అంటే నాకు 2016 నవంబరే గుర్తొస్తుంది. 8వ తేదీ రాత్రి ప్రకటన, 9, 10 తేదీల్లో ఏటీఎంలు మూత. కొత్త రెండు వేల నోటు పాత వెయ్యి కంటే పొట్టిది, సన్నది. పాత అరలో పెడితే ఇంజనీరు వచ్చి సరిచేసేదాకా మిషనుకు పట్టు దొరికేది కాదు. మొదట్లో కార్డుకు రోజుకు 2,000 మాత్రమే. వరస రోడ్డు దాటి కిరాణా కొట్టు దాకా ఉండేది. అందులో ఒకాయన చేతిలో పసుపు పూసిన శుభలేఖ పట్టుకుని నిలబడ్డాడు, మిషనుకు చూపిస్తే ఎక్కువ ఇస్తుందేమోనన్నట్టు. ఆయన వంతు వచ్చేసరికి నోట్లు అయిపోయాయి. ఆ శుభలేఖను నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. పెళ్లికి వెళ్లలేకపోయాను.

ప్రశ్న: మిర్యాలగూడలో ఏటీఎం నుంచి వచ్చిన నోట్లలో ఒకటి సగం చిరిగి ఉంది. మిల్లు దగ్గర ఎవరూ తీసుకోవడం లేదు.
— ఒక హమాలీ, మిర్యాలగూడ

జవాబు: స్లిప్పు లేదా మెసేజి చూపించి ఆ మిషను బ్యాంకు బ్రాంచిలో మార్చుకోండి. మార్చబోమని చెప్పడానికి వాళ్లకు వీల్లేదు. ఇకపై అలాంటి నోటు వస్తే అక్కడే ఆగి, నోటును కెమెరా వైపు రెండు పక్కలా చూపించి బయటికి రండి. దొంగ నోటు అనిపించినా అంతే. స్లిప్పు రాత కొన్నాళ్లకు చెరిగిపోతుంది, ఫోటో తీసి పెట్టుకోండి.

ప్రశ్న: మా ఆయన మూడు వారాల కింద బైకు ప్రమాదంలో పోయాడు. ఆయన జన్‌ధన్ ఖాతా కార్డు నా దగ్గరుంది, పిన్ను తెలుసు. ఖాతాలో పద్నాలుగు వేలున్నాయి. బ్యాంకులో చెబితే ఖాతా మూసేస్తారు, చెప్పకుండా కొద్దికొద్దిగా తీసుకో అని మా మరిది అంటున్నాడు.
— ఒక చెల్లెలు, నాగర్‌కర్నూల్ జిల్లా

జవాబు: తల్లీ, ఆ కార్డుతో ఇక ఒక్క రూపాయి కూడా తీయకండి. మీ మరిది మంచి మనసుతోనే చెప్పి ఉంటాడు, కానీ ఆ మాటతో పద్నాలుగు వేల కోసం రెండు లక్షలు పోగొట్టుకునే ప్రమాదం ఉంది.

ఆయన చేతిలోది రూపే కార్డు అయి ఉంటుంది, ముందు వైపు కింద ఆ పేరు ఉంటుంది చూడండి. జన్‌ధన్ రూపే కార్డుకు ప్రమాద బీమా ఉంది. ఖాతా 2018 ఆగస్టు 28 తరువాత తెరిచినదైతే రెండు లక్షలు, అంతకు ముందుదైతే లక్ష. షరతు ఒకటే ముఖ్యం: ప్రమాదానికి ముందు 90 రోజుల్లో ఆ కార్డు కనీసం ఒక్కసారైనా వాడి ఉండాలి. ఆయన ఏటీఎంలో చివరిసారి ఎప్పుడు తీశారో పాసుబుక్కు చెబుతుంది. ప్రమాదం తరువాత మీరు తీస్తే అది ఈ లెక్కకు పనికిరాదు సరికదా, చనిపోయిన మనిషి కార్డు ఎవరు వాడారన్న ప్రశ్న పుట్టి బీమా దావా చిక్కుల్లో పడుతుంది. చిట్టా మంచికీ చెడుకీ ఒకేలా రాస్తుంది.

మరణ ధ్రువపత్రం, పోలీసు ఎఫ్‌ఐఆర్ నకలు, పోస్టుమార్టం నివేదిక, ఆయన ఆధార్, మీ ఆధార్, కార్డు, పాసుబుక్కు తీసుకుని బ్రాంచికి వెళ్లండి. రెండు పనులు వేరువేరుగా అడగండి: ఒకటి ఖాతాలో డబ్బు, రెండు కార్డు బీమా. నామినీగా మీ పేరుంటే కాగితాలన్నీ ఇచ్చిన 15 రోజుల్లో ఖాతా డబ్బు మీకు రావాలి. బీమా సంగతి కౌంటరులో కుర్రవాడికి తెలియకపోవచ్చు, "అలాంటిదేమీ లేదమ్మా" అనవచ్చు. కోపం తెచ్చుకోకుండా మేనేజరు గదిలోకి వెళ్లి కాగితం ఇవ్వండి. దావాకు గడువు ఉంటుంది, ఈ పత్రిక చదివిన మరునాడే బయలుదేరండి.

మిగతా పాఠకులకు ఒక మాట. ఇంట్లో బీరువాలో కొత్తగా మెరుస్తున్న రూపే కార్డు ఉంటే, రెండు నెలలకోసారి తీసుకెళ్లి వంద రూపాయలు తీయండి.

ప్రశ్న: నాకు 71 ఏళ్లు. మగ్గం నేసిన చేతులు. ఏటీఎం కార్డు వద్దని రాసిచ్చాను. పాసుబుక్కు, ఫారం ఉంటే చాలు నాకు. కానీ కౌంటరు దగ్గర ప్రతిసారీ "తాతా, బయట మిషను ఉంది కదా" అంటున్నారు. నా పిల్లలు కూడా నవ్వుతున్నారు. నేను తప్పు చేస్తున్నానా?
— ఒక నేతన్న, గద్వాల

జవాబు: తప్పేమీ లేదు పెద్దాయనా. పొదుపు ఖాతాకు కార్డు తప్పనిసరి కాదు. మిషనుకు భయపడేవారు వేరు, మిషను అక్కర్లేదనుకునేవారు వేరు. మీరు రెండో రకం. మా బ్యాంకుల్లో ఒక జబ్బు ఉంది: వరస తగ్గించడమే సేవ అనుకుంటాం. నేనూ ఆ మాట ఎందరితోనో అన్నాను, ఇప్పుడు పింఛను కోసం అదే వరసలో నిలబడితే తెలుస్తోంది. గద్వాల చీర అంచు, కొంగు పట్టువి, నడుమ నూలు. రెండింటినీ పోగు పోగు కలిపి అతికిన చేతులకు ఫారం నింపడం ఒక లెక్కా?

డెబ్బై దాటిన వారి ఇంటికే వచ్చి నగదు ఇవ్వడం వంటి సేవలు చేయాలని, బ్రాంచిలో వృద్ధులకు వేరే కౌంటరు చూపాలని రిజర్వు బ్యాంకు 2017 నవంబరులో బ్యాంకులకు చెప్పింది. ఇంటి సేవకు రుసుము ఉండవచ్చు, ముందే అడగండి. మీ నడక బాగుంటే అవసరం లేదు, నెల మొదటి వారం వదిలేసి మధ్యాహ్నం మూడు ప్రాంతంలో వెళ్లండి, వరస పలచబడుతుంది.

ఒకటి మాత్రం చూసుకోండి. మీ ఉత్తరం కింద సంతకం చూశాను, మొదటి అక్షరం దగ్గర చెయ్యి కొంచెం వణికింది. ఖాతా తెరిచిన నాటి సంతకానికి ఇప్పటిది కలవకపోతే కౌంటరులో ఫారం ఆపుతారు. ఈసారి వెళ్లినప్పుడే కొత్త నమూనా సంతకం ఇచ్చి రండి.